పరభాష యెట్లు అలవడును?

పదియేండ్లు ఇంగ్లీషు చదివిన బాలుడు పట్టణమునకు పోయి, ఒక దరఖాస్తును స్వయముగా వ్రాయలేక, అడిగిన ప్రశ్నకు నాలుగు మాటలలో బదులు చెప్పలేక తలవంచుకొని నిలుచుట మన యిండ్లలో వింత కాదు. తండ్రి ఎకరము అమ్మి జీతములు కట్టెను. ఉపాధ్యాయుడు పుస్తకమును మొదటి పుటనుండి తుదిపుటవరకు చెప్పెను. బాలుడు వల్లించెను, పరీక్షలో కృతార్థుడును అయ్యెను. అందరును తమ తమ పనులు చేసిరి. భాష మాత్రము రాలేదు. అప్పుడు మనము మూడు మాటలలో నొకదానిని చెప్పి తృప్తి పడుచున్నాము. పిల్లవాడు మందబుద్ధి యనుట యొకటి. పంతులు చేతగానివాడనుట రెండవది. తెలుగు అడ్డుపడినదనుట మూడవది. ఈ మూడవ మాట కొంతకాలముగా మిక్కిలి బిగ్గరగా వినబడుచున్నది.

పరభాష మానవుని మనస్సున నెట్లు నెలకొనునను విషయమును పండితులు సుమారు అరువదియేండ్లుగా పరిశోధించుచున్నారు. వారిలో వారికి వివాదములు లేకపోలేదు. కాని వారందరి కృషివలన తేలిన సారాంశమును చూచినచో, పై మూడు మాటలును విచారణకు నిలువవని తోచుచున్నది. దోషము బాలునియందు లేదు, మాతృభాషయందు లేదు. భాష యనగా నేమో తెలియక దానిని బోధింపబూనిన మన పద్ధతియందున్నది.

ముందుగా మా సంగతియే చెప్పుకొందుము. బాల్యమున మేము శబ్దమంజరిని తుదముట్ట వల్లించితిమి. ఏ శబ్దమునకైనను ఏడు విభక్తులు, మూడు వచనములు తడుముకొనక చెప్పగలిగితిమి. కాని ఎవరైనను సంస్కృతమున మంచినీళ్లు అడిగియుండిన, వారు దప్పికతో నుండవలసినదే! ఆ భాష మాకు దక్కినది పిదప, కథలోని రుచి మరిగి, తరువాత నేమయ్యెనోయను ఆతురతతో సులభకావ్యములు చదువుకొన్ననాడు. ఇంగ్లీషు సంగతియు నంతియే. వాక్యములను విడదీసి వ్యాకరణము చెప్పిన గంటలకంటె, అర్థముకొరకు ఆత్రపడి పత్రికలు చదివిన సాయంకాలములే మాకు ఎక్కువ మేలు చేసినవి. ఇది మా యొక్కరి యనుభవము కాదు. చదువరులలో పలువురకు నిట్టిదే కలదని నమ్ముచున్నాము.

పూర్వము పాశ్చాత్యదేశములందును, వారిని చూచి మన దేశమునను, భాష యనునది అలవాటుల మూట యను మతము ప్రబలియుండెను. ఒక్కొక్క వాక్యమును నూరుమారులు పలికించిన అలవాటగును. తప్పు పలికినవెంటనే ఖండింపకున్న దురలవాటగును. ఇదియే ఆనాటి సిద్ధాంతము. 1967వ సంవత్సరమున పిట్ కార్డర్ అను బ్రిటిషు పండితుడు ఒక వ్యాసము వ్రాసి, విద్యార్థి చేయు తప్పులను పాపములుగాగాక ప్రమాణములుగా చూడవలయుననెను. ఇంగ్లీషు నేర్చుకొను బాలుడు 'హి కమ్డ్' అనుచున్నాడు. ఈ మాటను ఏ పంతులును నేర్పలేదు. ఏ పుస్తకమునందును లేదు. తెలుగునుండి వచ్చినదియు గాదు, ఏలయన ఇంగ్లండులో పుట్టిన శిశువును ఈ మాటయే అనును. బాలుడు తాను వినిన మాటలనుండి ఒక సూత్రమును తానే ఊహించి, దానిని క్రొత్త మాటకు తగిలించెను. అనగా వాని బుద్ధి చురుకుగా పని చేయుచున్నదనుటకు ఆ తప్పే సాక్ష్యము. అట్టి తప్పునకు బెత్తము చూపుట విత్తనము మొలకెత్తెనని కోపగించుకొనుటవంటిది. 1972లో లారీ సెలింకరు అను నతడు, తన భాషకును పరభాషకును నడుమ విద్యార్థి కట్టుకొను ఈ తాత్కాలికమైన భాషకు ఒక పేరు పెట్టెను. తెలుగున దానిని నడిమిభాష యనవచ్చును. ప్రతి విద్యార్థియు ఆ వంతెనమీదుగనే పోవలయును. ఎవనిని ఎత్తుకొనిపోయి ఆవలి గట్టున దింపలేము.

ఆ త్రోవకు ఒక క్రమము కూడ కలదు. 1973, 1974 సంవత్సరములలో హైడీ డ్యూలే, మరీనా బర్టు అను పరిశోధకులు అమెరికాలో ఇంగ్లీషు నేర్చుకొనుచున్న స్పానిషు పిల్లలను, చీనా పిల్లలను పరీక్షించిరి. రెండు భాషలకును పోలిక లేకున్నను, ఇరువురును ఇంగ్లీషు ప్రత్యయములను ఇంచుమించు ఒక్క వరుసలోనే పట్టుకొనిరి. మాతృభాష ఆ వరుసను కొంత మార్చునని తరువాతివారు చూపిరి. కాని పాఠ్యపుస్తకపు వరుస వేరు, మనస్సు వరుస వేరు అను మూలవిషయము చెడలేదు. 'హి గోస్' అనుచోట క్రియకు చివర చేరు సకారమును చూడుడు. సూత్రము ఒక్క నిమిషమున చెప్పవచ్చును. మన పుస్తకములు తొలి తరగతులయందే చెప్పుచున్నవి. కాని అప్రయత్నముగా నోట వచ్చుటకు అందరికంటె వెనుకబడు వానిలో నది యొకటి. సూత్రము తెలియుట వేరు, భాష వచ్చుట వేరు అనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

అట్లయిన భాష ఎట్లు వచ్చును? అర్థమైన భాషను సమృద్ధిగా వినుటచేతను, చదువుటచేతను వచ్చునని స్టీఫెన్ క్రాషెన్ అను అమెరికా పండితుడు నొక్కి చెప్పెను. అర్థమైన అనునదే ఇందు ముఖ్యమైన మాట. అర్థముకాని మాటలు వేయి గంటలు చెవినబడినను అవి వానచప్పుడే. క్రాషెను వినుట చాలునన్నంత దూరము పోయెను. తక్కినవారు దానిని సవరించిరి. హవాయికి వచ్చి స్థిరపడిన ఒక జపానుదేశపు చిత్రకారుని భాషను రిచర్డు ష్మిట్ అను పండితుడు ఏండ్ల తరబడి గమనించి 1983లో ప్రకటించెను. ఆ చిత్రకారుడు ఇంగ్లీషువారితో కలసిమెలసి ధారాళముగా వ్యవహరింప నేర్చెనేకాని, ఆతని వ్యాకరణము మాత్రము ఆరంభమున నున్నచోటనే దాదాపు నిలిచిపోయెను. కాబట్టి రూపముపై కొంత దృష్టి కూడ నిలుపవలసియున్నది. 2000వ సంవత్సరమున నోరిస్, ఓర్టెగా అనువారు అంతకు పూర్వము జరిగిన పరిశోధనలను పెక్కింటిని కలిపి లెక్కించి, వ్యాకరణమును ఎత్తిచూపి బోధించుటవలన లాభము కలదనియే తేల్చిరి. సూత్రమును బొత్తిగా త్రోసిపుచ్చవలదు. కూరకు ఉప్పువలె వాడవలయును. మన తరగతులలో ఉప్పే వడ్డించి కూర మరచిపోవుచున్నారు.

ఈ విషయములకై సముద్రములు దాటి పోనక్కరలేదు. లోకమున భాషాబోధకులందరు ఎరిగిన ప్రయోగ మొకటి మన దక్షిణదేశముననే జరిగినది. 1979 మొదలు 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు అను బోధనాశాస్త్రవేత్త, బెంగుళూరు, మద్రాసు మొదలగు పట్టణములలోని కొన్ని సాధారణ పాఠశాలలందు, వ్యాకరణపు పట్టికను ప్రక్కకు పెట్టి ఇంగ్లీషు నేర్పించెను. అవి ధనికుల పాఠశాలలు కావు. పిల్లల యిండ్లలో ఇంగ్లీషు వినబడునది కాదు. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఒక రైళ్ల వేళల పట్టికనో, ఊరి పటమునో, అంగడి ధరలనో వ్రాయును. ఏ బండి యెక్కిన సంజకు ముందు చేరుదుము, ఈ సొమ్ముతో ఎన్ని వస్తువులు కొనవచ్చును, అను ప్రశ్నలు వేయును. మొదట తరగతియంతయు కలసి యొక సమస్యను విప్పును. పిదప అట్టిదే మరియొకటి ప్రతి బాలుడును తనంతట విప్పును. పిల్లల బుద్ధి లెక్కమీద నుండును, భాష దానివెంట నడచివచ్చును. తెలుగో తమిళమో కన్నడమో నోట వచ్చిన దండన లేదు. 1984లో అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ అను బ్రిటిషు పరీక్షకులు వచ్చి మామూలు తరగతులతో పోల్చిచూచి, ప్రభు పద్ధతికి అనుకూలముగా, కాని జాగ్రత్తతో, తీర్పు చెప్పిరి. దోషములు లేని ప్రయోగమని మేమనము. కాని మామూలు బడిలో, మామూలు పంతులుతో, బీదపిల్లలకు అర్థముద్వారమున పరభాషను చేర్చవచ్చునని అది చూపినది.

ఇక బోధనాభాష సంగతి. లెక్కలు, చరిత్ర, ప్రకృతిశాస్త్రము అన్నియు మొదటినుండి ఇంగ్లీషున చెప్పిన ఇంగ్లీషు దానంతట వచ్చునని వాదించువారు కెనడాను చూపుదురు. 1965లో మాంట్రియలు చెంతనున్న సెయింట్ లాంబర్టు అను చోట ఇంగ్లీషు పిల్లలకు చదువంతయు ఫ్రెంచి భాషలో ప్రారంభించిరి. అది ఫలించినమాట నిజము. కాని ఎట్టి పరిస్థితులలో ఫలించెనో చూడవలదా? ఆ పిల్లల మాతృభాష ఆ ఖండమునకంతకు ఏలిక భాష. తల్లిదండ్రులు చదువుకొన్నవారు, తామై కోరి పెట్టించినవారు. ఉపాధ్యాయులకు రెండు భాషలును వచ్చును. మొదటి దినములలో బాలుడు ఇంగ్లీషున అడిగినను ఆదరించి బదులు చెప్పిరి. రెండేండ్లు గడచినంతనే మాతృభాష చదువును మొదలిడిరి. ఇన్ని యుండియు, వినుటలో ఫ్రెంచివారితో సమానముగా నిలిచిన అట్టి పిల్లలు, ఏండ్లు గడచినను మాటలాడుటలో వ్రాయుటలో వెనుకబడియేయుండిరని మెరిల్ స్వెయిన్ అను కెనడా విదుషి 1985లో చూపెను. మన పల్లెబడిలో పై వసతులలో నేది యున్నది? ఉపాధ్యాయునికే ఇంగ్లీషున ధారాళత లేదు. ఇంట పుస్తకము లేదు. అర్థముకాక తెలుగున అడిగిన పిల్లకు జరిమానా! కెనడాలో చేసినది ఈత నేర్పుట. మనము చేయునది ఏట త్రోయుట.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తన పాఠశాలలయందు ఒకటవ తరగతినుండి బోధన ఇంగ్లీషున జరుగవలయునని ఉత్తరువు చేయగా, 2020 ఏప్రిలులో ఉన్నత న్యాయస్థానము దానిని కొట్టివేసెను. సాధ్యమైనంతవరకు బోధన బిడ్డ మాతృభాషయందే యుండవలయునని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అయినను తల్లిదండ్రులు ఇంగ్లీషు బడికే పరుగెత్తుచున్నారు. వారిని మేము గేలిచేయము. ఉద్యోగము, ఉన్నతవిద్య, న్యాయస్థానము ఇంగ్లీషుచేత నడుచుచుండగా, ధనికుని బిడ్డకు ఉన్న ద్వారము తన బిడ్డకేల మూయవలయునని కూలివాడు అడుగుట ధర్మమే. తమ బిడ్డలను ఇంగ్లీషు బడులకు పంపి, ఇతరుల బిడ్డలకు మాతృభాషాభిమానము ఉపదేశించు పెద్దలకు ఆతనికి బదులు చెప్పు అర్హత లేదు. కాని ఆతడు కోరినది ఇంగ్లీషు. మనమిచ్చుచున్నది ఇంగ్లీషు అట్టవేసిన పుస్తకము. ఈ మోసమే మా ఫిర్యాదు.

ఒక భాషలో నేర్చిన జ్ఞానము రెండవ భాషకు పెట్టుబడి యగునని కెనడా పండితుడు జిమ్ కమ్మిన్సు 1979లో ప్రతిపాదించెను. వడ్డీ లెక్క తెలుగున తెలిసిన బాలునికి ఇంగ్లీషున కావలసినవి నాలుగు క్రొత్త మాటలు మాత్రమే. వడ్డీ యనగానేమో తెలియనివానికి ఆ మాటలు తెలిసియు ఫలము లేదు. పునాది లేక మేడ కట్టువాడు మేడను పునాదిని రెండింటిని పోగొట్టుకొనును. మన తరగతులనుండి తెలుగు వ్రాయరాక, ఇంగ్లీషు పలుకరాక వెలువడుచున్న యువకులే ఇందుకు ఉదాహరణము.

ఈ సత్యము మన తెలుగువారికి క్రొత్త కాదు. గిడుగు రామమూర్తిపంతులు (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి సవరల భాషను నేర్చెను. ఆతని చేతికి సవరభాషా పాఠములేవియు సిద్ధముగా లేవు. సవరలు పలుకుచుండగా విని, వారితో పలికి, తప్పులు దిద్దుకొని నేర్చెను. తన సొమ్ముతో బడులు పెట్టి వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించెను. సవర వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. భాష ముందు, వ్యాకరణము పిదప! బడిలో నేర్పునది జీవద్భాషగా నుండవలయునని ఆతడు చేసిన పోరాటమును గ్రాంథికమున వ్రాయు మేము మెచ్చుకొనుట కొందరకు నవ్వు పుట్టించవచ్చును, న్యాయము న్యాయమే. ఆతని జీవితమునుండి మరియొక పాఠము కూడ కలదు. మన బిడ్డకు ఇంగ్లీషెట్లో, మన్యములోని సవర బిడ్డకు, కోయ బిడ్డకు తెలుగు అట్టిదే. మనకు కోరుకొను న్యాయమును వారికి నిరాకరించినచో మన మాతృభాషాభిమానము స్వార్థమనిపించుకొనును.

ఉపాధ్యాయులను నిందించుటకు మేమిది వ్రాయలేదు. కిక్కిరిసిన తరగతిని, ఒక్క పుస్తకమును, తరుముకొనివచ్చు పరీక్షను చేతికిచ్చి అద్భుతములు కోరుట అన్యాయము. వారికి శిక్షణ యీయవలయును. బడికి సులభమైన కథలపుస్తకములు వందలుగా కావలయును. పరీక్ష కంఠపాఠమును గాక అర్థమును కొలువవలయును. చట్టము ప్రకారము ప్రతి ప్రభుత్వ పాఠశాలకు తల్లిదండ్రులతో కూడిన యాజమాన్య సంఘముండవలయును. చదువరులు ఒక దినము తమ యూరి బడికి పోయి, వెనుక బల్లమీద ఒక గంట కూర్చుండి చూతురుగాక. ఆ గంటలో బిడ్డ చెవినబడిన ఇంగ్లీషులో బోధపడినదెంత? పాఠ్యపుస్తకము గాక మరియొక పుస్తకము ఆ చేతికి వచ్చినదా? సందేహమును తెలుగున అడిగిన బిడ్డకు దొరకినది సమాధానమా, శిక్షయా? ఈ మూడింటికి బదులు తెలిసికొన్న పిమ్మట, బడి గోడమీద ఏ భాష పేరు వ్రాయించవలయునో విచారింపవచ్చును.