ఎర ఏ రంగులో ఉండాలి?

మీలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక మూల గాలపు కర్ర ఉండే ఉంటుంది. డర్బన్‌లో మా ఇంట్లో రెండు ఉండేవి. ఒకటి నాన్నగారిది, ఇంకొకటి తాతగారిది. మనవాళ్లను తెచ్చిన మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచి డర్బన్ రేవుకు 1860 నవంబరు 16న చేరింది. ఆ తర్వాతి ఏళ్లలో గిర్మిట్ గడువు తీరినవారిలో కొందరు చెరకు తోటలు వదిలి వలలు పట్టారు. చేపల మీద మా ఇంటి మోజు అంత పాతది.

ఇప్పుడు నేను బహ్రెయిన్‌లో పాఠాలు చెబుతున్నాను. వయసు యాభై దాటింది. తెలుగు నేర్చుకున్నది గుడి తరగతుల్లో. అక్కడ మొదట నేర్పినవి రంగుల పేర్లు: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. నా లూర్ల పెట్టె తెరిస్తే ఆ పాఠమే గుర్తొస్తుంది. లూర్ అంటే నకిలీ ఎర. చిన్న చేపలా కనిపించే లోహపు ముక్కో, ప్లాస్టిక్ బొమ్మో. నా పెట్టెలో ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కోదాని ధరకు ఒక పూట భోజనం వస్తుంది. ఇంతకీ చేపకు ఆ రంగులతో పని ఉందా?

డర్బన్‌లో కెరటాలు మనిషి ఎత్తున విరుగుతాయి. బహ్రెయిన్‌లో అలా కాదు. అరబ్బీలో ఆ పేరుకు 'రెండు సముద్రాలు' అని అర్థం. దీవి చుట్టూ నీరు చాలాచోట్ల లోతు తక్కువ. కెరటం మోకాలికి తగిలితే గొప్ప. పడమటి తీరంలో బుదయ్యా అనే ఊరుంది. పేరు వింటే మన పల్లెలో పెద్దాయన ఎవరో అనిపిస్తుంది. ఒక శుక్రవారం సాయంత్రం అక్కడ నిలబడి గులాబీ రంగు లూరు విసురుతున్నాను. వెనక నుంచి తెలుగు వినిపించింది.

"వేటకొచ్చారా మాస్టారూ?"

మా గుడి తరగతిలో వేట అంటే అడవిలో బాణాలతో చేసేది. సముద్రం మీద చేపలు పట్టడాన్ని కూడా మన తీరంలో వేట అనే అంటారని ఆ రోజు తెలిసింది. ఆయనది శ్రీకాకుళం జిల్లా. వారమంతా కట్టడాల పని, శుక్రవారం సెలవు. చేప పడితే ఆ రాత్రి గదిలో అందరికీ పులుసు. పడకపోతే పప్పు. ఆయన దగ్గర ఉన్నది ఒకే లూరు. దాని రంగంతా రాలిపోయి ఉత్త ఇనుము మిగిలింది.

అరగంటలో ఆయనకు రెండు బారకుడాలు పడ్డాయి. నాకు ఒక్కటీ లేదు. నా ముఖం చూసి ఆయన నవ్వారు. "మీది ఇటివ్వండి, నాది మీరు తీసుకోండి" అన్నారు. మార్చుకున్నాం. నా గులాబీ లూరుతో ఆయన మూడోది పట్టారు. ఆయన ఇనుప ముక్కతో నాకు ఏమీ పడలేదు.

"అక్కడేటీ లేదు మాస్టారూ. పిల్ల చేపలు ఇటు దూకుతున్నాయి, సూడండి."

నేను లూర్ల పెట్టె చూస్తున్నాను. ఆయన నీటిని చూస్తున్నారు. చిన్న చేపలు ఎక్కడ ఉంటే పెద్ద చేప అక్కడికి వస్తుంది. నీరు ఒడ్డుకు ఎక్కడాన్ని పోటు అంటారు, వెనక్కి తగ్గడాన్ని పాటు అంటారు. ఆ కదలికతో చేపలూ కదులుతాయి. బహ్రెయిన్ జాలరులు ఈ లెక్క మీదే హద్రా కడతారు. అది లోతు తక్కువ నీటిలో పాతిన కంచె. పూర్వం ఖర్జూర మట్టలతో కట్టేవారు. పోటుతో వచ్చిన చేప పాటుకు అందులో చిక్కుకుంటుంది. ఎరే లేదు, ఇక రంగు మాటెక్కడ? అక్కడివారు ఇష్టంగా తినే సాఫీ చేప ఎక్కువగా నాచు తిని బతుకుతుంది. దాని ముందు ఎన్ని రంగుల లూర్లు ఆడించినా దండగే.

అలాగని రంగుతో అసలు పని లేదనకండి. నీరు వెలుగును మింగుతుంది, ముందుగా ఎరుపును. లోతుకు వెళ్లేకొద్దీ ఎర్ర లూరు నల్లగా కనిపిస్తుంది. నడుము లోతు నీటిలో ఆ తేడా తక్కువ. ఎండ ఉండి నీరు తేటగా ఉంటే వెండి, తెలుపు, లేత నీలం వాడండి. చిన్న చేపల ఒంటి రంగులు అవే. షమాల్ అనే వాయవ్యపు గాలి వీచినప్పుడు అడుగు మట్టి లేచి నీరు కలక బారుతుంది. అప్పుడు కాస్త పెద్దది, బాగా కదిలేది కట్టండి. చేప ఒంటి పక్కన ఉండే గీత నీటి కదలికను పసిగడుతుంది. కన్ను పనిచేయని చోట అది పనిచేస్తుంది.

పొద్దు గూకాక ఆయన నా పెట్టెలో వెతికి నల్లదాన్ని తీసి ఇచ్చారు. నేను అంతవరకు దాన్ని తడపనైనా లేదు. కింది నుంచి చూసే చేపకు పైన ఆకాశం ఇంకా వెలుగుగానే ఉంటుంది. ఆ వెలుగులో నల్లని ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. ఈసారి ఆయన చూపిన చోటే విసిరాను. నాలుగోసారికి తాడు బిగిసింది.

ఆ చేపను ఆయన సంచిలోనే వేశాను. ఇంటికి వెళ్తూ నాన్నగారిని తలుచుకున్నాను. మా చిన్నతనంలో వేరు వసతుల చట్టం ఉండేది. 1953లో వచ్చిన ఆ చట్టం 1990లో గాని రద్దు కాలేదు. ఒడ్డున ఎవరు ఎక్కడ నిలబడాలో మనిషి రంగు చూసి చెప్పిన రోజులవి. మంచి తీరాలు తెల్లవారివి. నాన్నగారు కర్ర భుజాన వేసుకుని వాటిని దాటి, మనల్ని నిలబడనిచ్చే చోటిదాకా నడిచేవారు. ఎర రంగు గురించి ఆయన మాట్లాడగా నేను వినలేదు. నీరు ఎటు పోతోందో మాత్రం రోజూ అడిగేవారు. జవాబు చెప్పలేక ఊరుకునేవాణ్ణి.

కాబట్టి కొనేముందు ఆలోచించండి. లేత రంగుది ఒకటి, నల్లది ఒకటి చాలు. పోటు వేళ తెలుసుకోండి. విసిరే ముందు కాసేపు నీటిని చూడండి. మీ ఇంట్లో కర్ర పట్టిన పెద్దలు ఉంటే, ఏ ఒడ్డున నిలబడేవారో, దేన్ని ఏమని పిలిచేవారో అడిగి రాసుకోండి. నేను అడగలేదు. 'వేట' అనే మాట నాన్నగారికి తెలుసో లేదో ఇప్పుడు చెప్పేవారు లేరు.