లైసెన్సు ధర వేరు, లైసెన్సు ఖర్చు వేరు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును ముగించింది. 2015 జులైలో వెలువడిన ఈ వ్యవస్థ పదేళ్లకు పైగా కార్యాలయాలలోనూ, ఇళ్లలోనూ సేవలందించింది. ఆ తేదీతో కంప్యూటర్లేవీ ఆగిపోలేదు. అయితే ఆ తరువాత బయటపడే భద్రతా లోపాలకు, పొడిగింపు పథకంలో చేరని వినియోగదారునికి మరమ్మతు లభించదు. అందుచేత ‘కొత్తదానికి మారితే ఎంతవుతుంది?’ అన్న ప్రశ్న పుదుచ్చేరి పట్టణంలో పనిచేస్తున్న మనకూ ఎదురైంది. ధరల పట్టిక చూసి చెప్పే సమాధానం దీనికి చాలదు.

ముందుగా లైసెన్సుల స్వభావాన్ని గ్రహించడం అవసరం. కంప్యూటరుతో పాటు వచ్చే లైసెన్సు ఆ యంత్రానికే కట్టుబడి ఉంటుంది. యంత్రం మూలపడితే లైసెన్సూ దానితోనే ముగుస్తుంది. విడిగా కొన్న లైసెన్సును మరొక యంత్రానికి మార్చుకోవచ్చు. ఇక సర్వరు విషయంలో, దాని లైసెన్సుకు తోడు, దానిని వినియోగించే ప్రతి ఉద్యోగికి లేదా ప్రతి యంత్రానికి ప్రవేశ లైసెన్సు ఉండాలి. ప్రత్యేక ఒప్పందం లేనిచో, సర్వరు కొత్త వెర్షనుకు మారినప్పుడు ఈ పాత ప్రవేశ లైసెన్సులు చెల్లవు.

అర్హత గల యంత్రంలో విండోస్ 10 నుంచి 11కు మారడానికి రుసుము లేదు. చిక్కంతా ఆ అర్హతలోనే ఉన్నది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసరైతే, స్వల్ప మినహాయింపులతో, ఎనిమిదవ తరానిదో ఆపై తరానిదో కావాలి. ఇవి లేని యంత్రం ఎంత చక్కగా పనిచేస్తున్నా అనర్హమే. లైసెన్సు ఉచితం, యంత్రం మాత్రం కొనాలి! పావలా కోడికి ముప్పావలా మసాలా అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

పాతదానిలోనే కొనసాగదలచిన సంస్థలకు మైక్రోసాఫ్ట్ పొడిగింపు రుసుమును నిర్ణయించింది. ప్రకటిత ధర యంత్రానికి మొదటి ఏడు 61 డాలర్లు, రెండవ ఏడు 122, మూడవ ఏడు 244. వెరసి 427 డాలర్లు. ఇరవై ఐదు యంత్రాలున్న కార్యాలయానికి మూడేళ్లలో 10,675 డాలర్లవుతుంది. ఆలస్యంగా చేరినా గడచిన ఏటి రుసుము తప్పదు. ఇంత సొమ్ముకు లభించేవి భద్రతా సవరణలే గాని కొత్త సౌకర్యాలు కావు.

పుదుచ్చేరికి మరొక ఖర్చు ప్రత్యేకం. పుదుచ్చేరి, కారైక్కాల్‌లలో తమిళం, మాహేలో మలయాళం, యానాంలో తెలుగు వాడుకలో ఉన్న ప్రాంతమిది. యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు స్థానం లభించినా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు కనిపించినది 2001 నాటి ఎక్స్‌పీతోనే. అంతకు ముందూ, ఆ తరువాత చాలాకాలమూ ప్రత్యేక ఫాంట్లలో టైపు చేసిన దస్త్రాలు, ఆ ఫాంటు లేని కొత్త యంత్రంలో అర్థంలేని గుర్తులుగా మారిపోతాయి. వాటిని మార్పిడి చేసి సరిచూడడానికి పట్టే పనిదినాలు ఏ బిల్లులోనూ కనిపించవు. కొత్త వ్యవస్థకు పనికిరాని ప్రింటర్లు, స్కానర్ల సంగతీ ఇంతే.

అలాగని మారకుండా ఉండడం చౌక కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై దాడి ప్రపంచాన్ని కుదిపినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు సైతం దెబ్బతిన్నాయి. ఆ దాడికి మార్గమైన లోపానికి సవరణ అదే ఏడాది మార్చిలోనే వెలువడింది. 2014 ఏప్రిల్‌లో మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి మాత్రం దాడి జరిగిన తరువాతే అది అందరికీ అందింది.

మూడవ మార్గం లినక్స్. సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ 2007లో విడుదలైంది. మాహేను ఆనుకొని ఉన్న కేరళలో ప్రభుత్వ పాఠశాలలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను అనుసరించాయి. దీనివల్ల 3,000 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని 2019లో అక్కడి కైట్ సంస్థ పేర్కొన్నది. కేంద్రప్రభుత్వం కూడా 2015లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది. అయితే లైసెన్సు రుసుము లేనంత మాత్రాన ఖర్చు లేదనుకోరాదు. శిక్షణ కావాలి, విండోస్‌కే పరిమితమైన లెక్కల ప్యాకేజీలకు ప్రత్యామ్నాయం వెదకాలి.

కనుక కొనుగోలు ప్రతిపాదనలో లైసెన్సు, యంత్రం, అనుబంధ పరికరాలు, శిక్షణకూ మార్పిడికీ పట్టే పనిదినాలు, పాత యంత్రాల తొలగింపు అనే అయిదు అంకెలూ పక్కపక్కన ఉండాలి. ఈ మొత్తాన్ని వాడుకలో ఉండే సంవత్సరాలతో భాగిస్తే అసలు ఖర్చు తేలుతుంది. తొలగించిన యంత్రాలను 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదిత సంస్థలకే అప్పగించాలన్నది మరువరాదు.

ఇంటి కంప్యూటరుకూ ఇదే లెక్క. మద్దతు లేని యంత్రంలో బ్యాంకు లావాదేవీలు జరపడం క్షేమకరం కాదు. అట్లని దానిని పాత సామాన్ల వానికి తూకానికి వేయనక్కరలేదు. దస్త్రాలన్నీ వేరొక చోట భద్రపరచి లినక్స్ ఎక్కిస్తే, పిల్లల చదువుకు ఆ యంత్రమే మరికొన్నేళ్లు అక్కరకు వస్తుంది. కొత్తది కొనే ముందు ఈ ప్రయత్నం చేసి చూడవలసినదిగా మన ఉద్యోగుల కుటుంబాలకు సూచిస్తున్నాము.