పాత కారు – కారెడు చమురు

నేడు గ్రామములలో సైతము మోటారుకారు గలవారు పెక్కండ్రు. క్రొత్త కారు కొన్నవారికి నా ప్రసంగముతో అంతగా పనిలేదు. మీటరులోని అంకెలు ఎన్నిమారులు సున్నాకు తిరిగివచ్చెనో యజమానికే జ్ఞాపకము లేని పాత కారు ఎవరి వాకిట నున్నదో, వారు ఈ నాలుగు మాటలు వినవలయునని నా కోరిక. నేను ఇంజనీరును కాను. బస్సుల డిపోలో ముప్పది యేండ్లు పానా పట్టినవాడను.

మా పెద్దన్నగారికి 1977లో కొన్న అంబాసిడరు కారొకటి ఉండెడిది. అది ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి చేసినది. కలకత్తా చేరువ ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సువారు దానిని తయారుచేయుచుండిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయినది. మా యూరికి ఆసుపత్రి పదునాఱు మైళ్ల దూరము. రాత్రివేళ నొప్పులుపడు ఆడువారికిని, పాము కఱచినవారికిని ఆ కారొక్కటే దిక్కు. 1996 వేసవి నాటికి దాని క్రింద దినదినము గిన్నెడు చమురు కారుచుండెను. ఉదయమున నలుగురు త్రోయనిదే కదలదు, మిట్ట యెక్కలేదు, పెట్రోలు మాత్రము ధారాళముగా త్రాగును. పట్టణములో ఒక మెకానిక్కు చూచి, ఇంజను దింపవలయుననియు, బోరు కొట్టింపవలయుననియు చెప్పెను. అతడు చెప్పిన ఖర్చు అన్నగారి ఒక పంట రాబడికి తక్కువ కాదు.

“తమ్ముడూ, దీనిని తూకమునకు ఇచ్చివేయుదునా?” అని ఆయన నన్నడిగిరి.

“రెండు దినములు నాకు విడువుడు, అన్నయ్యా! పిమ్మట మీ యిష్టము” అంటిని.

నేను మొదట చేసిన పని ఇంజనును కడుగుట. ఇది పిల్లల పనివలె తోచును గాని, నా యనుభవములో మెకానిక్కులు తఱచుగా విడిచిపెట్టునది ఇదియే. చమురు ఎచ్చట బొట్టుగా రాలునో అచ్చటనే పుట్టినదని తలపరాదు. అది పైనుండి జాఱును; కారు నడచునపుడు గాలికి వెనుకకు కొట్టుకొని పోవును. ఇంటిలో గోడ అడుగున చెమ్మ కనబడినచో మనము పైకప్పు పెంకును చూడమా? ఇదియు నట్టిదే. చల్లారిన ఇంజనుమీద, బ్యాటరీ తీగ ఊడదీసి, చుట్ట బీడీలు దూరముగా నుంచి, కిరసనాయిలుతోను కుంచెతోను మడ్డినంతయు కడిగితిని. బాగుగా ఆఱిన తరువాత, ముఖమునకు రాచుకొను పౌడరును అతుకులవెంట చల్లి, నాలుగు మైళ్లు నడిపి వచ్చి, దీపము పట్టి చూచితిని. తెల్లని పొడిమీద తడి యేర్పడిన చోట్లలో అన్నిటికంటె పైదియు, అన్నిటికంటె ముందరిదియు నగు చోటే మూలము.

మా కారులో ఆ చోటు రాకరు మూత. ఇంజను తలమీద నుండు ఈ రేకుమూతను రెండు నట్టులు మాత్రమే పట్టియుంచును. దాని క్రింద బెండు ప్యాకింగు ఉండును. చమురు కారుచున్నదని యెవరో నట్టులను బలముకొలది బిగించిరి. బెండు నలిగి చిట్లినది. మూత అంచు వంగినది. బిగించినకొలది ఎక్కువగా కారినది! అంచును చదునుచేసి, పాత ప్యాకింగు తునుకలను గీకివైచి, క్రొత్తదానిని పెట్టి, నట్టులను మితముగా బిగించితిని.

అయినను అసలు దోషము వేఱు. ఇంజను ఎంత క్రొత్తదైనను పిస్టను రింగుల ప్రక్కనుండి కొంత ఆవిరి చమురు తొట్టిలోనికి దిగును. పాతదానిలో మఱికొంత ఎక్కువ. అది బయటికి పోవుటకు ఊపిరి గొట్టమొకటి యుండును. మెకానిక్కులు దానిని బ్రీదరు అందురు. మా కారులో ఆ గొట్టము నల్లని మడ్డితో మూసికొనిపోయి యుండెను. లోపలి ఆవిరికి దారి లేక, ప్రతి అతుకునుండియు చమురును బయటికి నెట్టుచుండెను. ఇట్టి స్థితిలో ఎన్ని ప్యాకింగులు మార్చినను నిలువవు. ఒక ఇనుప తీగ, కొంచెము కిరసనాయిలు. అరగంటలో గొట్టము శుభ్రమయ్యెను.

ఇంజను దింపవలయునా వలదా యని తేల్చుటకు ఊహ చాలదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములలో గేజి పెట్టి, ఒత్తిడి కొలిచితిని. నాలుగు సిలిండరులలోను కొలత దాదాపు సమానముగా, చాలినంతగా ఉండెను. ఒకదానిలో తక్కువగా నుండినచో అందులో ఒక చెంచా చమురు పోసి మఱల కొలువవలయును. కొలత పెరిగిన యెడల రింగులు అఱిగినవి. పెరుగనిచో లోపము వాల్వులది కావచ్చును. బోరు కొట్టుమని చెప్పువానిని ముందుగా ఈ కొలతను అడుగుడు.

ఇక స్టార్టు కాకపోవుట, లాగకపోవుట. ఈ పనులకు ఒక వరుస కలదు. మొదట వాల్వుల సందు. ఈ ఇంజనులో ఎనిమిది వాల్వులు. ముందునుండి వరుసగా అంకెలు వేసికొనుడు. ఒకటవది పూర్తిగా దిగియున్నపుడు ఎనిమిదవదానిని సరిచేయవలయును. మూడవది దిగినపుడు ఆఱవదానిని. రెండంకెలును కలిపిన తొమ్మిది రావలయును. డిపోలో మా గురువుగారు నాకు మొదటి దినముననే ఈ లెక్క నేర్పిరి; ఇప్పటికిని అదే వాడుదును. తరువాత ప్లగ్గులు. కొన గోధుమవన్నెగా నుండిన మంచిది. పొడిమసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, చమురుతో తడిసి నల్లగా నుండినచో లోపలికి చమురు వచ్చుచున్నది. మావాటిలో పొడిమసియే. ప్లగ్గు సందు అంగుళములో వెయ్యింట 25 వంతులును, డిస్ట్రిబ్యూటరులోని పాయింట్ల సందు వెయ్యింట 15 వంతులును ఫీలరు గేజితో పెట్టితిని. పాయింట్ల సందు మాఱినచో నిప్పురవ్వ పడు వేళయు మాఱును. కావున టైమింగు పాయింట్ల తరువాతనే చూడవలయును. కార్బ్యురేటరు మరను అన్నిటికంటె చివర ముట్టుకొనవలయును. అనేకులు ముందుగా దానినే త్రిప్పి, ఉన్న లోపమును కప్పిపుచ్చి, పెట్రోలు పారబోసికొందురు. ఎయిరు ఫిల్టరునుండి నేను దులిపిన దుమ్ముతో ఒక దోసిలి నిండెను. ఆ మసికి కారణమదియే.

ఇటీవలి కార్లలో పాయింట్లు లేవు, కార్బ్యురేటరును లేదు. కాని కడిగి చూచుటయు, ఊపిరి గొట్టమును పరీక్షించుటయు వానికిని చెల్లును. చమురు కారుట నిలుపునని సీసాలలో అమ్ము మందులు కొన్ని రబ్బరు సీళ్లను ఉబ్బించునే గాని, చిట్లిన బెండును అతికింపలేవు. ఇంకొక మాట: జాకీని మాత్రమే నమ్మి ఎవరును కారు క్రింద దూఱరాదు. బలమైన దిమ్మెలు పెట్టనిదే నేను నా చేతిని సైతము పెట్టను.

మూడవనాటి ఉదయమున అన్నగారు తాళము త్రిప్పగనే కారు స్టార్టయ్యెను. ఆయన ఏమియు అనక, దిగి, ముందుగా దాని క్రిందికి వంగి చూచిరి. వెనుకభాగమున ఒక చుక్క నిలిచి యుండెను. ఆ జాతి ఇంజనుకు వెనుక రబ్బరు సీలు లేదు. చమురును లోనికి మఱల్చు మరచుట్లు మాత్రమే కలవు. ఆ చుక్కను ఆపవలయునన్న ఇంజను దింపక తప్పదు, దింపినను పూర్తిగా నిలుచునన్న నమ్మకము లేదు. అందుచేత దానిని అట్లే విడిచి, వారమునకొకసారి చమురు పుల్ల తీసి మట్టము చూచుకొనుడని చెప్పితిని. ఆయన కారు క్రింద ఒక పాత డబ్బీమూత పెట్టి, అందులో చేరిన చమురును ఎడ్లబండి ఇరుసునకు రాచెడివారు.