పాత పెట్టెను పారవేయకండి

కారు ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టె చెడిపోతే, అలాంటిదే పాతది చౌకగా కొని బిగిస్తే చాలుననుకుంటాము. కాని ఇంజను అంటుకొని, ఒకటి రెండు సెకండ్లలోనే ఆరిపోవచ్చును. కారణమేమి?

1998 నుండి ఐరోపాలో కొత్త కార్లకు దొంగతనాన్ని అడ్డుకొనే ఏర్పాటు తప్పనిసరి అయినది. పెట్టె తన కారును గుర్తించకపోతే ఇంజనును ఆపివేస్తుంది. ఆనాటి ఫోక్స్‌వాగన్, ఆడీ కార్లలోని బాష్ ఎం.ఇ.7 పెట్టెలు అనేకంలో ఆ గుర్తులు 95040 అనే ఎనిమిది కాళ్ళ చిప్పులో ఉంటాయి. దాని నిల్వ 512 బైట్లే, పోస్టుకార్డుమీద పట్టేటంత!

రెండు పెట్టెల నంబర్లు ఒకటైతే, పాత చిప్పులోనిది చదివి కొత్తదానిలోకి ఎక్కించవచ్చును. రెండుమార్లు చదివి, ప్రతులు సరిపోల్చిన పిమ్మటనే వ్రాయాలి. కొత్తదానిలో ముందున్నదీ దాచుకోవాలి.

కనుక పాఠకులకు మా మనవి: చెడిన పెట్టెను తూకానికి వేయకండి. పెట్టె పోయినా, అందులోని చిప్పు తరచు బ్రతికే ఉంటుంది.