పండ్ల ఈగ కన్ను

మిగుల మాగిన అరటిపండ్ల చుట్టును ఎర్రని కన్నులుగల చిన్న ఈగలు ముసురుట మన యిండ్లలో నిత్యము చూచునదే. శాస్త్రజ్ఞులు వీనిని డ్రోసోఫిలా అందురు. గ్రుడ్డు ఇంచుమించు పది దినములలో ఈగ యగును; ఒక్క సీసాలో వందలకొలది పెరుగును. అందుచేతనే అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున మోర్గన్ పండితుడును, ఆయన శిష్యులును, తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు వచ్చు విధమును తెలిసికొనుటకు ఈ ఈగను ఎన్నుకొనిరి. దీని కంటియందు కలిగిన ఒక మార్పు, మానవుల చూపులోని ఒక లోపమును గ్రహించుటకు సైతము దారి చూపినది.

ఈగ కన్ను మన కన్నువంటిది కాదు. తేనెపట్టు గదులవలె ఏడెనిమిది వందల చిరుకన్నులు కూడి ఒక గుండ్రని కన్ను అగును. కన్ను సన్నని నిలువు పట్టీవలె నున్న ఈగను గూర్చి 1914లో టైస్ అను పరిశోధకురాలు ప్రకటించినది. ఆకారమునుబట్టి దానికి 'బార్', అనగా పట్టీ, అను పేరు వచ్చినది. ఈ మార్పు ఎక్స్ అను క్రోమోసోమునందున్నది. ఆడ ఈగకు ఎక్స్ క్రోమోసోములు రెండు. రెండును సహజములైనచో కంటికి సగటున 779 చిరుకన్నులుండును. ఒకటి బార్ అయినచో 358. రెండును బార్ అయినచో 68 మాత్రమే.

అయితే ఒక వింత కనబడినది. బార్ ఈగల సంతానమున సుమారు 1600లో ఒకదానికి గుండ్రని కన్ను తిరిగి వచ్చుచుండెను. మరికొన్నిటికి కన్ను ఇంకను కుంచించుకొనిపోవుచుండెను. 1925లో స్టర్టెవాంట్ దీని మర్మమును విప్పెను. గ్రుడ్డు ఏర్పడునపుడు జంట క్రోమోసోములు పరస్పరము భాగములు మార్చుకొనును. ఆ మార్పిడి సమముగా జరుగనిచో ఒకదానికి ఎక్కువయు, రెండవదానికి తక్కువయు వచ్చును.

ఒక గ్రంథమునకు రెండు తాళపత్ర ప్రతులున్నవనుకొందము. రెండింటియందును ఒక అధ్యాయము పొరపాటున రెండుమారులు వ్రాయబడినది. ఆకులు మార్చుకొనునపుడు వరుస తప్పినచో, ఒక ప్రతిలో ఆ అధ్యాయము మూడుమారులు, రెండవదానిలో ఒక్కమారే మిగులును. 1936లో బ్రిడ్జెస్, ముల్లర్ మున్నగువారు ఈగ లాలాజల గ్రంథులలోని పెద్ద క్రోమోసోములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, సరిగా ఇట్లే ఉన్నదని కనుగొనిరి: సహజమైన ఈగలో ఆ భాగము ఒకటి, బార్‌లో రెండు, మిక్కిలి చిన్న కన్నుగల దానిలో మూడు.

ఇంకొక విశేషము. రెండు క్రోమోసోములందును రెండేసి భాగములున్న ఈగకు 68 చిరుకన్నులు. ఒకదానియందు మూడు, రెండవదానియందు ఒకటి ఉన్న ఈగకు 45. మొత్తము రెండింటికిని నాలుగే. అమరిక మాత్రమే వేరు. జన్యువు ఏదియను ప్రశ్నతోపాటు, అది ఎచట నున్నదియను ప్రశ్నయు ముఖ్యమని ఇందువలన తేలినది. దీనికే స్థానప్రభావమని పేరు.

బార్ జన్యువులు ఇతర జన్యువులను అదుపులో నుంచునవి. అవి పెరుగుచున్న కంటిలో తగనిచోట అధికముగా పనిచేసినపుడు, చిరుకన్నులకు నాంది పలుకు వేరొక జన్యువును అణచివేయును. కావున కంటి ముందుభాగము ఏర్పడదు. ఇక్కడ లోపమునకు కారణము కొరత కాదు, ఆధిక్యము.

1986లో జెరెమీ నేథన్స్, ఆయన సహచరులు మానవులలో ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తించు జన్యువులను పరిశీలించిరి. అవియు ఎక్స్ క్రోమోసోముపైననే ప్రక్కప్రక్కన, దాదాపు ఒకే రీతిగా నున్నవి. అందుచే అక్కడను మార్పిడి వరుస తప్పుచుండును. ఒక జన్యువు లోపించును, లేదా రెండును కలిసిపోవును. ఆ రెండు రంగులకు భేదము తెలియకపోవుటకు ముఖ్యకారణమిదియే. పురుషునకు ఎక్స్ క్రోమోసోము ఒక్కటే యగుటచే ఈ లోపము మగవారిలో ఎక్కువగా కనబడును. తల్లి చూపు చక్కగా నున్నను కుమారునకు ఇది రావచ్చును. రంగులు పోల్చుకొనలేని బాలుని అశ్రద్ధ గలవాడని దండించుట న్యాయము కాదు. తల్లిని నిందించుటయు తగదు.

ఆ రెండు జన్యువులును పూర్వమొకప్పుడు ఒకే జన్యువు రెండగుటవలన కలిగినవే. రెండవప్రతి క్రమముగా మారి, మనకు మరియొక వర్ణభేదమును చూపినది. ప్రతులు పెరుగుట తరుగుటలనుండియే కొందరికి లోపమును, మానవజాతికి వర్ణవైభవమును సంక్రమించినవి.