స్మృతి యెట్లు పుట్టును?

తరగతిలో ఉపాధ్యాయుడు "మనసు పెట్టి వినుడు" అని యెన్నిమారులు చెప్పినను, కొంతసేపటికే బాలుని మనస్సు కిటికీ దాటి చింతచెట్టుమీదికి పోవును. వానిని దూషించి ఫలము లేదు. చెప్పిన ఉపాధ్యాయుని మనస్సును అట్లే పోవుచుండును. ఆజ్ఞాపించినంతమాత్రమున మనస్సు నిలుచునా, నిలుచుటకు వేరు కారణములు కలవా యను విషయమును బౌద్ధులు మిక్కిలి సూక్ష్మముగా విచారించిరి. మనది క్రైస్తవ పాఠశాల యైనను, ఇతరులు శ్రమపడి కనుగొన్నదానిని ఉన్నదున్నట్లు తెలిసికొనుట మనకు తగును గావున దానినిచ్చట వివరింపబూనితిమి.

పాళీభాషలో దీనికి సతి యని పేరు, సంస్కృతమున స్మృతి. మొదటి యర్థము జ్ఞాపకమే. 1881వ సంవత్సరమున రీస్ డేవిడ్స్ పండితుడు బౌద్ధసుత్తములను ఆంగ్లీకరించినప్పుడు దీనికి 'మైండ్‌ఫుల్‌నెస్' అను మాటను వాడెను. నేడు వైద్యశాలలలో సైతము వినబడుచున్న యామాటలో జ్ఞాపకమను భావము కొంత మరుగుపడినదని మాకు తోచుచున్నది. గడచినదానిని తలచుటయే గాక, చేయుచున్న పనిని మరువకుండుటయు సతియే.

క్రీ. శ. 5వ శతాబ్దమున సింహళమందలి అనురాధపురమున బుద్ధఘోషాచార్యుడు విశుద్ధిమార్గమను గ్రంథమును రచించెను. అందు సతికి ఆసన్నకారణము స్థిరసంజ్ఞ యని చెప్పబడినది. స్థిరసంజ్ఞ యనగా గట్టిగా పట్టిన గుర్తు. తల్లి ఉప్పు తెమ్మని చెప్పగా బాలుడు పైబట్ట చెంగున ముడి వేసికొనును. అంగడివీధిలో ముడి కంటబడగానే ఉప్పు జ్ఞప్తికి వచ్చును. అయితే ముడి వేయునప్పుడు పరధ్యానముగా నుండినవానికి ముడి కనబడినను, ఏల వేసితినో తెలియదు. అంగడిలో ఎంత తల గోకికొన్నను ప్రయోజనము లేదు. జ్ఞాపకము పుట్టవలసిన వేళకు ముందే దాని విత్తనము పడియుండవలెను. ఆచార్యుడు సంకల్పమును గాక గుర్తును కారణముగా చెప్పుటలోని మర్మమిదియే.

ఆ గుర్తు దేనిపై పట్టవలెను? కురుదేశమున కమ్మాసదమ్మమను ఊర బుద్ధుడు ఉపదేశించిన సతిపట్ఠానసుత్తము కాయము, వేదనలు, చిత్తము, ధర్మములు అను నాలుగింటిని చెప్పి, కాయముతో, అందును శ్వాసతో ఆరంభించుచున్నది. కాయమే మొదట నేల యనుటకు సంయుత్తనికాయమున నొక చక్కని ఉపమానము కలదు. పాము, మొసలి, పక్షి, కుక్క, నక్క, కోతి అను నారింటిని త్రాళ్లతో నొకచోట ముడివేసినచో పాము పుట్టకు, మొసలి నీటికి, పక్షి ఆకాశమునకు లాగును. బలము గలది తక్కినవానిని ఈడ్చుకొనిపోవును. మన యింద్రియములును అట్టివే. అదే త్రాళ్లను గట్టి స్తంభమునకు కట్టినచో, అవి లాగి లాగి అలసి దానియొద్దనే పండుకొనును. ఆ స్తంభమే కాయమందలి స్మృతి.

అభ్యాసము చేయువాడు మొదట శ్వాసలను ఎంచవలెనని బుద్ధఘోషుడు చెప్పును. 5కు తక్కువగా ఆపరాదు, 10కి మించరాదు. ఆరంభమున ధాన్యము కొలుచువానివలె మెల్లగా ఎంచవలెను. (మన కొలుపరి ఒకటికి బదులు "లాభము" అని మొదలుపెట్టుట చదువరు లెరుగుదురు.) పిమ్మట దొడ్డినుండి వెలువడు పసులను ఎంచు గోపాలునివలె త్వరగా ఎంచవలెను. మేమొకనాడు ప్రయత్నించి చూచితిమి. 4 దాటకమునుపే దిద్దవలసిన పరీక్షాపత్రములు జ్ఞప్తికి వచ్చినవి. చాలసేపటికి లెక్క తప్పినదని తెలిసి నొచ్చుకొంటిమి. కాని, లెక్క తప్పినదని తెలిపిన దెవరు? మేము పిలువలేదు, శ్వాసపై మొదట పట్టిన గుర్తే దానిని తెచ్చినది. తప్పిన క్షణము కాదు, తప్పితినని తెలిసిన క్షణమే సతి పుట్టిన క్షణము. నొచ్చుకొనుచు కూర్చుండుట వలన అది మరల జారిపోవును గాన, వెంటనే ఒకటినుండి మొదలుపెట్టుట మేలని మాకు అనుభవమయ్యెను.

ఎంతకాల మెంచవలెనన్నచో, లెక్క లేకయే స్మృతి శ్వాసపై నిలుచువరకు. అటుపిమ్మట లెక్క విడువబడును.