తూటా తేడా వస్తే... తుపాకీయే శత్రువు!

ఉదయగిరి, సీతారామపురం, ఆత్మకూరు... నెల్లూరు జిల్లా పడమటి మెట్ట. వేరుశెనగ ఊడ దిగి కాయ పట్టే వేళకి వెలిగొండల అడవుల్లోంచి పందులు దిగుతాయి. ముట్టెతో పెళ్లగించాయంటే తెల్లారేసరికి చేను చేను కాదు. అందుకే చుట్టూ పాత చీరలు కడతారు, డబ్బాలు మోగిస్తారు, టపాకాయలు కాలుస్తారు. పంట రక్షణకని లైసెన్సు తుపాకీ పెట్టుకున్న రైతులూ ఉన్నారు.

తుపాకీ కొనేది ఒకసారే. తూటాల ఖర్చు మాత్రం ఏటా ఉండేదే. 'పేలిన డొక్కులోనే మళ్లీ మందు దట్టిస్తే పోలా?' అనిపించేది అక్కడే. ప్రాణం మీదికి వచ్చేదీ అక్కడే!

పన్నెండు అంటే ఏమిటి?

పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా చేస్తే, ఒక్కో గుండు పట్టేంత గొట్టం ఉన్నదే 'ట్వెల్వ్ బోర్'. దాని తూటాలో అడుగున నిప్పు రాజేసే టోపీ, దానిపైన మందు, ఆపైన బిరడా, చివర సీసపు రవ్వలు ఉంటాయి. ఆరో నంబరు తూటాలో సన్నరవ్వలు రెండొందలకు పైనే. అవి పిట్టలకు. ఎల్‌జీ, ఎస్‌జీ రకాల్లో రవ్వలు పెద్దవి, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సన్నరవ్వలు తగిలిన పంది పడిపోదు, గాయంతో మనిషి మీదికే రావచ్చు.

పొడవు కూడా చూడాలి. గది రెండున్నర అంగుళాలున్న పాత తుపాకీలో రెండుముప్పావు తూటా సాఫీగానే కూర్చుంటుంది. దాని మూతి మడిచి ఉంటుంది మరి! పేలినప్పుడు ఆ మడత విచ్చుకునే చోటు లేక లోపల ఒత్తిడి పెరిగిపోతుంది. గొట్టం మీది అంకె, డబ్బా మీది అంకె సరిపోలాలి అనేది అందుకే.

లీవర్ రైఫిల్ చెప్పే పాఠం

ట్రిగ్గర్ కింది లీవరును దించి ఎత్తితే తూటా మారే రైఫిళ్లు అమెరికాలో పేరుపడ్డాయి. 1894 నాటి వించెస్టర్‌లో తూటాలు గొట్టం కిందున్న మరో గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. వెనకదాని కొన ముందుదాని టోపీకి ఆనుతుంది. కొన సూదిగా ఉంటే, కుదుపుకి టోపీ పేలే ప్రమాదం ఉంది. అందుకని చదును ముక్కు తూటాలే వాడతారు. 1895 మోడల్‌లో ఆ గొట్టం తీసేసి పెట్టె పెట్టారు. చామల లోయలో నరభక్షక పులి వేట గురించి 1954లో రాసిన కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది ఆ మోడలే.

అక్కడ పేలిన ఇత్తడి డొక్కుల్లో ఇంట్లోనే మందు నింపుకోవడం చాలామందికి హాబీ. తూకం మాత్రం గ్రాములో వందో వంతు దాకా చూస్తారు. ఏ డొక్కుకి ఏ మందు ఎంతో చెప్పే అచ్చు పట్టికల్ని దాటరు.

మన దగ్గర నేరం

1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయకూడదు. 2019 సవరణతో దానికి శిక్ష ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా పెరిగింది. ఏడాదికి ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సులోనే రాసి ఉంటుంది. అంతకుమించి కొనలేరు.

ఇక ప్రమాదం సంగతి. సురేకారం, గంధకం, బొగ్గు కలిపే పాత తరం మందు కొలతతో పొగరాని మందు పోస్తే, బలం ఎన్నో రెట్లవుతుంది. గొట్టం పగులుతుంది. మూతి నుంచి దట్టించే తుపాకీలో మొదటి మోతాదు అంటుకోలేదనుకుని రెండోది వేసినా అంతే.

తుపాకీ లైసెన్సు ఉందని పందిని కాల్చడానికీ వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం పదకొండో సెక్షన్ కింద అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి.

ఇంట్లో జాగ్రత్తలు

తూటాల్ని తుపాకీకి దూరంగా, పొడిగా ఉండేచోట, తాళం వేసి పిల్లలకు అందకుండా ఉంచాలి. ఇత్తడి పచ్చబడినా, డొక్కు ఉబ్బినా వాడకూడదు. గుర్రం కొట్టినా పేలకపోతే, గొట్టాన్ని మనుషులు లేని వైపు ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి. ఆ తర్వాతే తెరవాలి. పాతబడిన తూటాల్ని మట్టిలో పూడ్చకుండా, పోలీసులకో లైసెన్సు డీలరుకో అప్పగించాలి.

పంట పోతే వచ్చే కారులో మళ్లీ వేసుకోవచ్చు. పోయిన చూపు, తెగిన వేళ్లు ఏ కారుకీ తిరిగి రావు!